అయిదు తలాంతులకూ రెండు తలాంతులకూ ఒకే మెప్పు
(బిషప్ వి.ఎస్. అజరయ్య స్మారకోపన్యాస పాఠం)



బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారి పేరు మీద మాట్లాడమని పిలిచి, విషయం ఎంచుకోవడం నాకే వదిలేశారు. నేను ‘విజయం’ గురించి మాట్లాడాలనుకున్నాను. కారణం ఆయన జీవితంలోనే ఉంది. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివిన ఆయనకు బి.ఏ. పట్టా లేదు. చివరి పరీక్షల వేళకు జబ్బు పడి లెక్కల పరీక్ష రాయలేకపోయారు. చదువు అక్కడే ఆగింది. తరువాత 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం పిలిచి గౌరవ డాక్టరేటు ఇచ్చింది. మన సభల్లో ఈ సంగతి చెబితే డాక్టరేటు దగ్గర చప్పట్లు మోగుతాయి. నాకు మాత్రం ఆ పట్టా పోవడానికీ ఈ డాక్టరేటు రావడానికీ మధ్య గడిచిన పాతికేళ్ల మీదే ధ్యాస. ఆ డాక్టరేటు రాకపోయి ఉంటే ఆ పాతికేళ్ల విలువ తగ్గేదా? ఈ పూట నేను అడగదలచుకున్నది ఇదే.

ఆయన 1874లో తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాళన్‌విలై అనే పల్లెలో పుట్టారు. తండ్రి ఆ ఊరి సంఘకాపరి. చదువు ఆగాక అజరయ్య వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా చేరి దక్షిణ దేశమంతా తిరిగారు. 1903లో తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ, 1905లో శ్రీరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టినప్పుడు ముందు నిలిచినవారిలో ఆయన ఉన్నారు. పేరు వచ్చింది, పెద్దల స్నేహం కుదిరింది, జపాన్ దాకా వెళ్లి సభల్లో పాల్గొన్నారు. ముప్ఫై అయిదేళ్లకే ఇంత ఎదిగిన మనిషి తరువాత ఎక్కడికి వెళ్లాలి? మద్రాసుకో కలకత్తాకో లండన్‌కో వెళ్లాలంటాం. ఆయన 1909లో ఆ ఉద్యోగం వదిలి డోర్నకల్ వచ్చారు.

అప్పటి డోర్నకల్ నిజాం రాజ్యంలో సింగరేణి బొగ్గు దారి చీలే ఒక రైల్వే జంక్షన్. తిరునెల్వేలి క్రైస్తవులు తమ డబ్బుతో, తమ మనుషులతో నడుపుకుంటున్న చిన్న పరిచర్య అక్కడ ఉంది. సువార్త వినడానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. వెట్టిచాకిరీలో, అప్పులో పుట్టి అప్పులోనే పోయేవాళ్లు. ఆయనకు తెలుగు కొత్త. దేశమంతా తన ప్రసంగం వినడానికి వచ్చిన మనిషి మళ్లీ అక్షరాలు దిద్దుకుని, పాలేర్ల ముందు తడబడుతూ మాట్లాడవలసి వచ్చింది. లోకం దీన్ని దిగజారడం అంటుంది. ఆయన దీన్ని తన పిలుపు అనుకున్నారు.

ఆ మరుసటి ఏడాదే ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. పన్నెండు వందలకు పైగా ప్రతినిధుల్లో ఆసియావాళ్లు ఇరవై మంది కూడా లేరు. ఆ వేదిక మీద ఆయన పాశ్చాత్య మిషనరీలతో సూటిగా మాట్లాడారు. మీ త్యాగాన్ని మేం మరువం, మీరు మాకోసం ఆస్తులు ఇచ్చారు, ప్రాణాలూ ఇచ్చారు, అయితే మాకు మీ స్నేహం కూడా కావాలి అన్నది ఆ ప్రసంగ సారాంశం. కొందరు నొచ్చుకున్నారు. పెద్దవాళ్లను మెప్పించి పైకి వెళ్లాలనుకున్నవాడు అక్కడ ఆ మాట అనడు. ఎక్కడానికి నిచ్చెన వెతుక్కోని మనిషి కాబట్టే అనగలిగారు.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కతీడ్రల్‌లో ఆయనకు బిషప్పుగా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. ఇక్కడి నుంచి కథను విజయగాథగా చెప్పడం చాలా తేలిక. చిన్న డోర్నకల్ అధ్యక్ష మండలం పెరిగి కృష్ణా జిల్లా దాకా విస్తరించింది, విశ్వాసులు రెండు లక్షలు దాటారు, గుడి గోపురాలనూ మసీదు గుమ్మటాలనూ తలపించే కతీడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరుపుకుంది. ఇవన్నీ నిజాలే. అయినా ఆ వరసలో చెప్పుకుంటూ పోతే అజరయ్య గారు మన చేతుల్లోంచి జారిపోతారు. ఆయన పల్లె పల్లెకూ తిరిగి పోరాడింది మురికితో, రోగంతో, అప్పుతో, తాగుడుతో. పల్లెలో ఒక కుటుంబం సారా మానితే, షావుకారు చేతిలోని నోటు చిరిగితే, ఒక ఆడపిల్ల అక్షరం నేర్చుకుంటే ఆయనకు అది పండగ. ఈ లెక్కలు ఏ రిజిస్టరులోకీ పూర్తిగా ఎక్కవు.

ఇంకో సంగతి మన ప్రసంగాల్లో తక్కువగా వినపడుతుంది. ఆయన పెద్ద కల ఆయన బతికుండగా నెరవేరలేదు. దక్షిణ భారతదేశంలో చీలిపోయిన సంఘాలు ఒక్కటి కావాలన్నది ఆ కల. 1919 మే నెలలో తరంగంబాడిలో వేర్వేరు సంఘాల పెద్దలు కలిసి కూర్చున్నప్పుడు ముందు నడిపినవారిలో ఆయన ఉన్నారు. ఆ తరువాత పాతిక సంవత్సరాలు చర్చలు, వాయిదాలు, అభ్యంతరాలు, మళ్లీ చర్చలు. 1945 జనవరి 1న ఆయన డోర్నకల్‌లో కన్నుమూశారు. దక్షిణ భారత సంఘం 1947 సెప్టెంబరు 27న పుట్టింది. అనుకున్నది సాధించడమే విజయమైతే, తన జీవితంలో అతి పెద్ద పనిలో అజరయ్య గారు ఓడిపోయి వెళ్లారని రాయాలి. ఆ మాట రాయడానికి మనలో ఎవరికీ చెయ్యి రాదు. అంటే మనకు తెలియకుండానే మనం వేరే కొలత ఒకటి ఒప్పుకుంటున్నాం. ఆ కొలతను చచ్చిపోయిన మహనీయులకు వాడతాం. బతికున్న మన పిల్లలకు, మన పక్కింటి విశ్వాసికి మాత్రం వాడం.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వస్తుంది. ఒక సహోదరి లేచి తన కొడుక్కి వీసా వచ్చిందని చెబుతుంది. ఒక సహోదరుడు స్థలం రిజిస్ట్రేషన్ అయిందంటాడు. స్కానింగులో గడ్డ కనపడలేదని ఒకరు, మెడిసిన్ సీటు వచ్చిందని ఒకరు. సంఘమంతా చప్పట్లు కొట్టి దేవునికి స్తోత్రం చెబుతుంది. ఆ కృతజ్ఞత నిజమైనది. కన్నీళ్లతో అడిగి పొందినవాళ్లు కన్నీళ్లతో చెప్పుకుంటున్నారు. వాళ్ల నోరు నొక్కే హక్కు ఎవరికీ లేదు.

కానీ అదే వరసలో ఇంకొకరు కూర్చుని ఉంటారు. వాళ్లూ అదే నలభై రోజులు ఉపవాస ప్రార్థనలో ఉన్నారు. వాళ్ల అబ్బాయి వీసాను తిరస్కరించారు. వాళ్ల ఇంట్లో గడ్డ కరగలేదు, మనిషే కరిగిపోయాడు. వాళ్లను లేచి సాక్ష్యం చెప్పమని ఎవరూ పిలవరు. పిలిస్తే ఏం చెప్పాలో వాళ్లకూ తెలియదు, ఎందుకంటే గెలవనివాళ్లు సాక్ష్యం చెప్పగా వాళ్లెప్పుడూ వినలేదు. ఏళ్ల తరబడి ఆ వరసలో కూర్చున్న పిల్లవాడు ఏం నేర్చుకుంటాడు? దేవుడు ప్రేమించేవాళ్లకు పని అవుతుంది, నాకు కాలేదు, కాబట్టి నన్ను ప్రేమించడం లేదు అని నేర్చుకుంటాడు. ఈ బోధ ఏ పాస్టరు గారూ ప్రసంగ పీఠం మీద నుంచి చేయలేదు. మన చప్పట్లే చేశాయి.

కొత్త సంవత్సరం రాత్రి మనం వాగ్దానపు కార్డులు తీసుకుంటాం. ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయంలోని దీవెనలు ఎందరి చేతికి వచ్చాయో చూడండి. యిర్మీయా 45వ అధ్యాయం ఉన్న కార్డు నాకు ఇంతవరకూ కనపడలేదు. ఆ అధ్యాయంలో ప్రవక్త మాటలు రాసిపెట్టే బారూకు అలసిపోయి మూలుగుతుంటే, గొప్ప గొప్పవి నీకోసం వెతుక్కోవద్దని దేవుడు చెప్పి, అతని ప్రాణం మాత్రం అతనికి దక్కుతుందని మాట ఇచ్చాడు. అదీ వాగ్దానమే. యెరూషలేము పతనం వైపు నడుస్తున్న రోజుల్లో ఒక గుమాస్తాకు దేవుడు పేరు పెట్టి ఇచ్చిన వాగ్దానం.

అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం తెరిస్తే ఈ విషయం ఇంకా లోతుగా తగులుతుంది. హేరోదు రాజు యాకోబును కత్తితో చంపించాడు. యూదులకు అది నచ్చిందని చూసి పేతురును చెరలో వేశాడు. సంఘం పేతురు కోసం ఆసక్తితో ప్రార్థన చేసింది. దూత వచ్చాడు, సంకెళ్లు ఊడిపోయాయి, ఇనుప తలుపు దానంతటదే తెరుచుకుంది. మార్కు తల్లి మరియ ఇంటి తలుపు పేతురు తట్టినప్పుడు, చిన్నది రొదే సంతోషం పట్టలేక తలుపు తీయడమే మరిచిపోయింది. ఈ భాగం మీద మనం వందల ప్రసంగాలు విన్నాం. అధ్యాయం మొదట్లో ఒకే వాక్యంలో ముగిసిపోయిన యాకోబు మీద ఎన్ని విన్నాం? యాకోబు కోసం సంఘం ప్రార్థించలేదని అనుకోగలమా? అతనికి విశ్వాసం తక్కువైందని ఎవరైనా అనగలరా? ఒకే పట్టణం, ఒకే రాజు, ఒకే సంఘం. ఒకరు బయటికి వచ్చారు, ఒకరు రాలేదు. లూకా ఇద్దరినీ ఒకే అధ్యాయంలో పెట్టాడు, ఎవరి వెనకా కారణం రాయలేదు. హెబ్రీయులకు రాసిన పత్రిక 11వ అధ్యాయం ఇంకా సూటిగా చెబుతుంది. విశ్వాసంతో కత్తిని తప్పించుకున్నవాళ్లనూ, విశ్వాసంతోనే కత్తికి బలైనవాళ్లనూ ఆ పత్రిక ఒకే జాబితాలో రాసింది. వీరిది పెద్ద విశ్వాసం, వారిది చిన్న విశ్వాసం అని గీత గీయలేదు. మన సాక్ష్యాల సమయం ఆ అధ్యాయంలో సగం మాత్రమే చదివి బైబిలు మూసేస్తోంది.

ఈ యాకోబుకు ఒక తల్లి ఉంది. జెబెదయి కుమారుల తల్లి అని మత్తయి ఆమెను పరిచయం చేస్తాడు. ఆమె ఇద్దరు కొడుకులనూ వెంటబెట్టుకుని యేసు దగ్గరికి వచ్చి, నీ రాజ్యంలో ఒకణ్ణి కుడివైపున, ఒకణ్ణి ఎడమవైపున కూర్చోబెట్టమని అడిగింది. ఒకణ్ణి డాక్టరునూ ఒకణ్ణి ఇంజనీరునూ చేయాలని ఇంటర్ అడ్మిషన్ల వేళ కాలేజీల చుట్టూ తిరిగే మన అమ్మానాన్నలే ఆమెలో కనపడతారు. యేసు ఆమెను కసురుకోలేదు. తల్లి కోరికలో తప్పు పట్టలేదు. కొడుకుల వైపు తిరిగి, తాను తాగబోయే గిన్నె తాగగలరా అని వాళ్లనే అడిగాడు. తాగగలమన్నారు. ఆ గిన్నె యాకోబుకు హేరోదు కత్తి రూపంలో వచ్చింది. కుడి ఎడమల సంగతి మాత్రం కల్వరిలో వేరుగా తేలింది. ఆ రెండు చోట్లలోనూ ఆ రోజు ఇద్దరు దొంగలు వేలాడారు. రాజు పక్కన చోటు అంటే ఏమిటో ఆ తల్లికి అక్కడ తెలిసి ఉంటుంది. మత్తయి చెప్పిన ప్రకారం ఆమె సిలువను దూరం నుంచి చూస్తున్న స్త్రీలలో ఉంది. పారిపోలేదు. కొడుకులకు పదవి అడిగిన తల్లి, రాజు ఓడిపోయినట్టు కనపడిన రోజున కూడా అక్కడే నిలబడింది. ఆమె ఎదుగుదల నాకు సువార్తల్లోని గొప్ప సంగతుల్లో ఒకటిగా తోస్తుంది.

అమ్మానాన్నలు ఉన్న సభ ఇది. ఒక విషయం చెప్పకుండా పోలేను. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాక కొద్ది రోజుల్లోనే ఇరవై మంది దాకా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఫలితాల్లో తప్పులు దొర్లాయని తరువాత తేలింది. తప్పులు లేకపోయినా ఆ పిల్లలు పోవలసినవాళ్లు కారు. వాళ్లలో క్రైస్తవ ఇళ్ల పిల్లలు ఎందరో నాకు తెలియదు, అది ప్రశ్న కూడా కాదు. మన ఇంట్లో పిల్లలు పదహారేళ్లు వచ్చేసరికి, మార్కులు పోయినా మా అమ్మకు నేను కావాలి, నా దేవుడికి నేను కావాలి అని నమ్మి ఉన్నారా? పిల్లవాడు పుట్టినప్పుడు గుడిలో ప్రతిష్ఠ చేయించి దేవుని బహుమానం అన్నాం. ర్యాంకు రాకపోతే ఆ బహుమానం విలువ తగ్గిపోతుందా?

ఈ మాటలు విని కొందరు యువకులు అసహనపడవచ్చు, వాళ్ల అసహనంలో న్యాయం ఉంది. తాత వెట్టి చేసిన ఇంట్లో మొదటిసారి ఒక పిల్ల నర్సింగు పాసై గల్ఫ్‌కు వెళ్లి, నాన్న అప్పు తీర్చి, తమ్ముణ్ణి చదివిస్తుంటే, విజయం వ్యర్థమని ఆమెకు బోధించే అధికారం నాకు లేదు. దళిత క్రైస్తవుల దారిలో చట్టం కూడా అడ్డు నిలిచింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవం తీసుకున్న దళితుడికి షెడ్యూల్డు కులాల హోదా దక్కదు; మన దగ్గర బి.సి.-సి కింద ఒక్క శాతం రిజర్వేషనే మిగిలింది. విశ్వాసాన్ని బాహాటంగా చెప్పుకున్నందుకు సీటు పోగొట్టుకున్నవాళ్లు, ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లు మన గుళ్లలో ఉన్నారు. వాళ్లు పట్టుదలతో చదివి పైకి రావడం దేవుని పనే. అజరయ్య గారు తన ప్రజలు అప్పులోంచి, నిరక్షరాస్యతలోంచి బయటపడాలని ఒళ్లు వంచి పనిచేశారు. కాబట్టి పేదరికాన్ని పవిత్రం చేసి మాట్లాడకూడదు. నేను అడిగేది ఒక్కటే. ఆ పిల్ల పైకి వచ్చాక పేటలో మిగిలినవాళ్లకు ఆమె ఏమవుతుంది? ఆమె చెయ్యి అందుకుని ఇంకో పిల్ల లేస్తే, ఆ ఎదుగుదలకు క్రీస్తు పోలిక వచ్చింది. పేట నుంచి దూరంగా ఇల్లు కట్టుకుని, బంధువులు వస్తే మొహం చాటేస్తే, ఆ జీతం ఎంతైనా అందులో క్రీస్తు పోలిక లేదు.

సంఖ్యల గురించి కూడా మాట్లాడాలి. మన సంఘాలు ఇప్పుడు సభకు వచ్చిన జనాన్నీ, యూట్యూబులో చూసినవాళ్లనూ లెక్కపెట్టి పరిచర్యను తూస్తున్నాయి. మన తెలుగు గడ్డ మీద ఇందుకు జవాబు ఒంగోలు చరిత్రలో ఉంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో మన దేశానికి వచ్చి, 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్లు గడిచినా నమ్మినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. ఆ పరిచర్యను మూసేద్దామని అమెరికాలో మూడుసార్లు ఆలోచించారు. డే ఆరోగ్యం పాడై 1853లో వెళ్లిపోయాడు, 1871లో చనిపోయాడు. 1876లో ధాత కరువు వచ్చింది. అప్పుడు ఒంగోలులో ఉన్న జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేల మందికి కూలి, కూడు ఇచ్చాడు. బాప్తిస్మం ఇమ్మని జనం గుంపులుగా వచ్చారు. ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చినవాణ్ణి విశ్వాసిగా రాసుకోనని, కరువు పనులు నడిచినంత కాలం, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపేశాడు. రిపోర్టులో ఎంత పెద్ద సంఖ్య రాసుకోగలిగేవాడో ఆలోచించండి. కరువు సాయం ఆగాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఆ సంఖ్య ప్రపంచమంతా పాకింది. దాని వెనక ఉన్నవాళ్ల పేర్లు అంతగా పాకలేదు. తాళ్లకొండపాడు మాదిగవాడు ఎర్రగుంట్ల పేరయ్య తోలు వ్యాపారం చేసుకుంటూ, యోగ మార్గంలో దేవుణ్ణి వెతికి, 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. మాదిగ పల్లెలు ఒక్కొక్కటే కాలినడకన తిరిగి చెప్పాడు. మరుసటి జనవరిలో క్లౌ తాళ్లకొండపాడు వెళ్లేసరికి నమ్మినవాళ్లు అక్కడ ఎదురుచూస్తూ ఉన్నారు. గుండ్లకమ్మలో దిగి ఆ రోజంతా బాప్తిస్మాలు ఇచ్చింది కూడా తెలుగు బోధకులే. ఈ కోతలో డే వాటా ఎంత? పేరయ్య వాటా ఎంత? నాగమ్మ వాటా ఎంత? విడదీసి చెప్పే త్రాసు మన దగ్గర లేదు. ఫలితం చూడకుండా పోయిన డేను ఓడిపోయినవాడని అనే ధైర్యం నాకు లేదు.

మత్తయి 25వ అధ్యాయంలో యజమాని తలాంతులు పంచిన కథ మీ అందరికీ తెలుసు. ఒకడికి అయిదు, ఒకడికి రెండు, ఒకడికి ఒకటి. తిరిగి వచ్చి లెక్క అడిగినప్పుడు అయిదు తెచ్చినవాడికి ఇచ్చిన మెప్పునే రెండు తెచ్చినవాడికీ ఇచ్చాడు. ఒక్క అక్షరం కూడా తేడా లేదు. అయిదు రెండు కంటే పెద్దదని యజమానికి తెలియక కాదు. ఎంత తెచ్చారన్నది చూడలేదు, ఎలా ఉన్నారన్నది చూశాడు. ఇద్దరూ నమ్మకంగా ఉన్నారు, ఇద్దరూ తన సంతోషంలోకి రావాలి, అంతే. దీన్ని సోమరితనానికి సాకుగా తీసుకోకండి. ఒక్క తలాంతును భూమిలో పాతిపెట్టినవాణ్ణి అదే యజమాని గట్టిగా మందలించాడు. ఆ మనిషి నుంచి యజమాని కోరింది పెద్ద లాభం కాదు, పాతిపెట్టకుండా ఉంటే చాలు. అతను భయపడ్డాడు. యజమాని కఠినుడని నమ్మాడు. దేవుడు ర్యాంకులు చూసి మనుషుల్ని తూస్తాడని నమ్మినవాళ్లు చివరికి ఇలాగే చేస్తారు. ఓడిపోతామన్న భయంతో తమకిచ్చినది తవ్వి దాచుకుంటారు.

సంఘకాపరులకు నా విన్నపం. సాక్ష్యాల సమయంలో, ప్రార్థనకు తాము అడిగిన జవాబు రాని ఒకరిని కూడా పిలవండి. వాళ్లు ఏడ్చినా, మధ్యలో ఆగిపోయినా ఫరవాలేదు. ఆ వారం చప్పట్లు లేకపోయినా ఫరవాలేదు. ఇంకా నమ్ముతున్నాను అన్న ఒక్క మాట వాళ్ల నోటి నుంచి వస్తే, వెనక వరసలో కూర్చున్న పిల్లలకు ఆ ఒక్క మాట చాలా కాలం పనికొస్తుంది. సంఘ పెద్దలు పాసైనవాళ్ల పేర్లు ప్రకటించే అలవాటు ఉంచుకోండి. దానితో పాటు, పేటలో ట్యూషన్ చెప్పినవాళ్ల పేర్లూ, ముసలివాళ్లకు ఆసుపత్రిలో తోడున్నవాళ్ల పేర్లూ చదవండి.

అమ్మలారా, అయ్యలారా, మరి కొన్ని నెలల్లో ఇంటర్ ఫలితాలు వస్తాయి. మిఠాయి పెట్టెలు పంచుకునే ఇళ్లకు వెళ్లడానికి చాలామంది ఉంటారు. మీ సంఘంలో తప్పిన పిల్లలు ఎవరో ఆ రోజే కనుక్కోండి, చీకటి పడకముందే వాళ్లింటికి వెళ్లి ఆ పిల్లల పక్కన కూర్చోండి. పాసైనవాళ్ల ఇంటికి మర్నాడు వెళ్లవచ్చు.